అమ్మ ఒంట్లో నూట అరవై

నా చిన్నప్పుడు నాకు కుదురన్నదే ఉండేది కాదు. ఇప్పుడూ పెద్దగా లేదనుకోండి, మోకాళ్ల నొప్పుల పుణ్యమా అని ఉన్నట్టు కనబడుతున్నానంతే. భిలాయిలో మా క్వార్టరు రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. ఆ కాస్త చోటులోనే రోజుకి ఎన్ని మైళ్లు తిరిగేదాన్నో. ఇల్లు కూడా నాకు తగ్గట్టే ఉండేది. నాన్న షిఫ్టు వారానికోసారి మారేది, ఆయన పడుకునే వేళకి మాకు ఆకలేసేది, ఆయన లేచే వేళకి మాకు నిద్రొచ్చేది. ప్లాంటు సైరను, ఇనుపరాయి తెచ్చే గూడ్సు బళ్ల చప్పుడు, ఎన్నిసార్లు తుడిచినా కిటికీ ఊచల మీద మళ్లీ పేరుకునే ఎర్రదుమ్ము. ఆ ఇంట్లో ఎవరైనా తీరిగ్గా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు.

మా తాతయ్య వాల్తేరు వైపు రైల్వేలో ఆవిరి ఇంజను నడిపి రిటైరైన మనిషి. నానమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశారు. నాన్నది ప్లాంటులో బాయిలర్ల దగ్గర ఉద్యోగం. తండ్రిదీ ఆవిరే, కొడుకుదీ ఆవిరే, అయినా ఒక్క విషయంలో ఇద్దరికీ పొసిగేది కాదు. తాతయ్య ఇంజనులో ఒత్తిడికి కొలత పౌండ్లు, అంటే చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్ల బరువని. నూట ఎనభై దగ్గర ఎర్రగీత. ముల్లు అక్కడికి చేరితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి బుస్సుమని ఆకాశానికి చిమ్ముతుంది. నాన్న దగ్గరున్న గేజీలు రష్యా నుంచి వచ్చినవి. వాటి మీద లెక్క చదరపు సెంటీమీటరుకి ఇన్ని కిలోలని. నాన్న బాయిలరు ముప్పై తొమ్మిది దగ్గర నడుస్తుందని విన్న రోజున తాతయ్య కడుపు పట్టుకుని నవ్వారు. ముప్పై తొమ్మిదికి నా ఇంజను ఈలైనా కూయదురా అన్నారు. నాన్న ఓపిగ్గా కాగితం మీద గుణించి చూపించారు. ఒక కిలో ఒత్తిడి పద్నాలుగు పౌండ్ల పైమాట, ఆ లెక్కన తన బాయిలరులో ఉన్నది తాతయ్య ఇంజనుకి మూడింతలు. తాతయ్య ఆ కాగితం చూసి, సరే అన్నట్టు తలాడించి, మర్నాడు మళ్లీ మొదటికొచ్చారు. ఈ తగువు నెలల తరబడి సాగింది. వింటూ వింటూ నాకు నూట ఎనభై అనే అంకె ఒంట్లోకి దిగిపోయింది. ఆ అంకె దాటితే ఏదైనా సరే పేలిపోవలసిందే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మ కడుపుతో ఉంది. ఏడో నెల దాటాక ఆమె కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నేను అస్తమానం నొక్కి చూసేదాన్ని, అమ్మ విసుక్కునేది. సెక్టారు డిస్పెన్సరీకి రిక్షాలో వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కడి సిస్టరమ్మ అమ్మ జబ్బకి గుడ్డ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కుతుంటే, పెట్టె మూతలో ఉన్న గాజుగొట్టంలో పాదరసం పైకి పాకింది. దాని పక్కన అంకెలు ఉన్నాయి. సిస్టరమ్మ మొహం ముడుచుకుంది. "నూట అరవై" అని చీటీ మీద రాసింది. మంచం దిగొద్దని, ఉప్పూ పచ్చడీ ముట్టొద్దని హిందీలో చెప్పింది. ఆఖర్ని "ఏక్ సౌ అస్సీ హో గయా తో తురంత్ లేకే ఆనా" అంది.

ఏక్ సౌ అస్సీ. నూట ఎనభై అయితే వెంటనే తీసుకురమ్మంటోంది. రిక్షాలో తిరిగొస్తున్నంత సేపూ అమ్మ మొహం వంక చూడలేకపోయాను. ఎర్రగీతకి ఇంక ఇరవై ఉంది. పక్కన కూర్చున్న మనిషి ఎప్పుడు పేలిపోతుందో తెలియక, రిక్షా గతుకులో పడ్డప్పుడల్లా కళ్లు మూసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది, నా ముందు అనడం లేదంతే అనుకున్నాను. అలా అనుకోవడంతో భయం రెట్టింపైంది.

కానీ ఇంజను డ్రైవరు మనవరాలిని కదా, ఒత్తిడి పెరిగితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. తాతయ్య వందసార్లు చెప్పారు. మంట తగ్గించాలి, నీళ్లు ఎక్కించాలి, ఆవిరి వదలాలి. నీళ్లతో మొదలుపెట్టాను. పది నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తెచ్చి అమ్మ నోటి దగ్గర పెట్టేదాన్ని. దాహం లేదంటే ఏడుపు లంకించుకునేదాన్ని. ఆవిరి వదిలే దారి ఎక్కడుందో తెలియక జడ విప్పదీశాను, గాజులు తీసెయ్యమన్నాను, కిటికీలు బార్లా తెరిచాను. ఏదీ పనిచేస్తున్నట్టు తోచక ఒకసారి అమ్మని ఈల వెయ్యమని బతిమాలాను. అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వొద్దని ఆమె నోరు చేత్తో మూశాను. ఆ ఆరాటంలోనే నాలుగు రోజులు గడిచాయి.

ఇక మిగిలింది మంట. అమ్మ మంచం పట్టాక వంట తాతయ్యే చేసేవారు. అక్కడ అందరి ఇళ్లలోనూ బొగ్గుల సిగిడీయే పొయ్యి. ఆయన అందులో బొగ్గు వేసే తీరు చూస్తే అది కడాయి కింద పొయ్యిలా కాక రాయపూర్ వెళ్లే ప్యాసింజరు ఇంజనులా ఉండేది. వంటింటికీ అమ్మ మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డు. ఆ వేడి గోడ దాటి అమ్మకి తగులుతోందని నాకు నమ్మకం కుదిరింది. ఐదో రోజు పొద్దున్న తాతయ్య కొళాయి దగ్గరికి వెళ్లగానే చెంబుడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద గుమ్మరించాను. ఇల్లంతా పొగ, బూడిద, సగం ఉడికిన అన్నం. తాతయ్య పరిగెత్తుకుంటూ వచ్చారు.

"ఓలే గుంటా, ఏటి సేసినావే! మతుండే సేసినావా?"

దెబ్బ పడుతుందనుకుని ముందే ఏడ్చేశాను. ఏడుస్తూనే మొత్తం చెప్పేశాను. నూట అరవై, నూట ఎనభై, ఇంక ఇరవయ్యే ఉంది తాతా, అమ్మ పేలిపోద్ది. తాతయ్య నవ్వుతారని నా ఉద్దేశం, నవ్వలేదు. గడప మీద కూలబడి, బూడిద చేతులతో నన్ను దగ్గరికి లాక్కున్నారు. అన్ని రోజులు ఒక్కదాన్నే మోసిన భయాన్ని ఆయన ఒళ్లో దింపుకున్న ఆ క్షణం నాకు గొప్ప సుఖంగా ఉంది.

తర్వాత నా పలకా, స్కేలూ పట్రమ్మన్నారు. ఆ రోజుల్లో స్కేలుకి ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు. డాక్టరు కొలిచేది పౌండ్లు కావనీ, పాదరసం ఎంత ఎత్తు లేచిందో ఆ మిల్లీమీటర్లనీ చెప్పారు. నూట అరవై మిల్లీమీటర్లంటే పదహారు సెంటీమీటర్లు. స్కేలు తిప్పి అవతలి పక్క చూపించారు. ఆరంగుళాలూ పావు. ఇంజనులో ఆవిరి కొలిచే గేజీతో పాటు ఇంకో గేజీ కూడా ఉంటుంది. అది పెట్టెల బ్రేకులు పడకుండా పట్టి ఉంచే గొట్టంలో గాలి ఎంత పీల్చేశారో పాదరసం అంగుళాల్లో చెబుతుంది. అంచేత ముప్పై అంగుళాల పాదరసమంటే పదిహేను పౌండ్లని తాతయ్యకి కంఠతా వచ్చు. రెండంగుళాలకి ఒక పౌండు. ఆరంగుళాలకి ఎంతో నన్నే చెప్పమన్నారు.

మూడు. మూడు పౌండ్లు! పలక మీద ఆ మూడు అంకె చూస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. నాన్న సైకిలు టైరులోనే ముప్పై ఉంటుందని తాతయ్య అన్నారు. అయినా నేను కుదుటపడలేదని గ్రహించి పెరట్లోకి తీసుకెళ్లారు. బొగ్గులు పోసుకునే గది రేకుల కప్పు సుమారు ఏడడుగుల ఎత్తు ఉంటుంది. దాని మీదికి బకెట్టుడు నీళ్లు ఎక్కించి, మొక్కలకి నీళ్లు పట్టే రబ్బరు గొట్టం ఒక కొస అందులో ముంచారు. రెండో కొస నోటితో పీల్చి, నీళ్లు దిగగానే నా చేతికిచ్చి, నేల మీద పెట్టి బొటనవేలితో మూయమన్నారు. పౌండు ఒత్తిడికి రెండడుగుల పైచిలుకు ఎత్తు నీళ్లు కావాలి, మూడు పౌండ్లకి ఏడడుగులు.

"గెంటతన్నాదా?"

"కొంచెం."

"ఆపగలవా?"

"ఆపీగలను తాతా!"

"అదేనే మీ అమ్మ ఒంట్లో ఉన్నాది. నా ఇంజనులోది సూపించాలంటే ఈ బకెట్టు నాలుగొందల అడుగుల మీద కట్టాల. ప్లాంటు పొగగొట్టం మీదెట్టినా సాలదు."

బొటనవేలు తీశాను. నీళ్లు నా గౌను తడిపేశాయి. మళ్లీ మూశాను, మళ్లీ తీశాను. ఇంతేనా, ఇంతేనా అని అరుస్తూ పెరడంతా గెంతాను. అలాగే తడి బట్టలతో అమ్మ గదిలోకి పరుగెత్తి, అమ్మా నీకున్నది మూడు పౌండ్లే, సైకిలు టైరుకున్నంత కూడా లేదు, నా బొటనవేలితో ఆపేశాను అని చెప్పాను. అమ్మ తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ తాతయ్య వంక చూసింది. నిజమేనా మావయ్యా అని అడిగింది. తాతయ్య మీసం సర్దుకుని, లెక్క ప్రకారం అంతేనమ్మా అన్నారు. నా భయం తీర్చానన్న సంతోషంలో ఉన్నారాయన. నేను మనవరాలిగా గర్వపడుతున్నాను. ఆ మాటని అమ్మ ఎలా పుచ్చుకుందో మేమిద్దరం చూడలేదు.

ఇక్కడ అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. నా కుదురులేనితనం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే అమ్మని చూపిస్తే సరిపోతుంది. ఆమెకి మంచం మీద పడి ఉండటం శిక్ష. మావగారు వండి పెడుతుంటే తినడం అంతకంటే పెద్ద శిక్ష. మర్నాడు పొద్దున్నే లేచి, చీపురు పట్టుకుంది. తాతయ్య వద్దంటే, మూడు పౌండ్లకి మంచం దేనికి మావయ్యా అని నవ్వింది. అన్నంలోకి ఆవకాయ వేసుకుంది. బట్టలు ఉతికింది. రెండు రోజులు ఇల్లు ఇల్లులా ఉంది, నేను అమ్మ కొంగు పట్టుకుని తిరిగాను. తలనొప్పిగా ఉందని ఒకటి రెండుసార్లు అని, కణతలకి అమృతాంజనం రాసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం కొళాయి దగ్గర నిలబడి, కళ్ల ముందు నిప్పురవ్వలు ఎగురుతున్నాయే అంది. నేను వెతికాను, నాకు ఏ రవ్వలూ కనబడలేదు. అంతలోనే ఆమె బిందె మీదికి ఒరిగిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నా కేకలకి పక్క క్వార్టరు దీదీ గోడ దూకి వచ్చింది. ఆమే అంబులెన్సుకి కబురు పెట్టింది, నాన్నకి కూడా.

ఆసుపత్రి వరండాలో నేను నిలబడలేక, కూర్చోలేక, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉన్నాను. తాతయ్య బెంచీ మీద చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నారు. నాన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. లోపలికి వెళ్లి వచ్చాక ఏం జరిగిందని నన్నే అడిగారు. నేనే చెప్పాను. స్కేలు, గొట్టం, బొటనవేలు అన్నీ. లెక్క తప్పయిందా నాన్నా అని అడిగాను. నాన్న కోపం రాని మనిషేం కాదు. కాని ఆవేళ నా ముందు గొంతుక్కూర్చుని మెల్లగా మాట్లాడారు.

"లెక్కలో తప్పు నేదమ్మా. తాత సరిగానే సెప్పినారు. ఇదిగో సూడు, మా బాయిలరుకి ముప్పై తొమ్మిది ఉన్నా ఏటీ అవదు. దాని ఉక్కు అంత మందం. ఆ పక్కనే గ్యాస్ లైను ఉంటాది. దాన్లో ఒత్తిడి జానెడు నీళ్లకి మించకూడదు. నువ్వు నోటితో ఊదినా అంత వస్తాది. కాని అది కాస్త మించితే గొట్టం కొసని నీళ్లలో ముంచి వేసిన మూత తెగిపోయి గ్యాస్ బయటికొచ్చెస్తాది. మనుషులు పోతారు. అందుకే ఎంత అని తెలుసుకున్నాక, ఏ గొట్టంలో అని కూడా అడగాలి. అమ్మ నరాలు ఇనుము కాదు కదా."

ఆయన నా కళ్లలోకి చూస్తూనే మాట్లాడారు గాని, గొంతు మాత్రం బెంచీ దాకా వినబడేలా ఉంది. తండ్రిని పట్టుకుని ఒక్క మాట అనలేదు. తాతయ్య తల ఇంకా కిందికి వాలిపోయింది. పౌండ్లనీ కిలోలనీ వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం నేను తర్వాత మరి వినలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత కష్టంగా ఉండేదంటే, ఒకసారి నేనే కావాలని ముప్పై తొమ్మిది మాట ఎత్తాను. తాతయ్య విననట్టు లేచి వెళ్లిపోయారు.

పొద్దు వాలక ముందే నాకు తమ్ముడు పుట్టాడు. ఏడవలేదు. గుడ్డలో చుట్టి తెచ్చి నాన్న చేతుల్లో పెట్టారు. చూస్తానంటే నాన్న కాస్త వంచి చూపించారు. జుట్టు చాలా ఉంది. అమ్మ బతుకుతుందని మాత్రం మూడో రోజుకి గాని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇలాంటి జబ్బులో మంచం మీద ఉన్నా బిడ్డ దక్కకపోవచ్చునని డాక్టరమ్మ నాన్నతో అంది. ఆ మాట నాన్న నాకు మళ్లీ మళ్లీ చెప్పారు. నేను తలాడించేదాన్ని. లోపల మాత్రం బొటనవేలితో ఆపేశానని అరిచిన నా గొంతే వినబడుతుండేది. ఆ గొంతంటే నాకు అసహ్యమేసింది.

వారం తర్వాత నన్ను అమ్మ దగ్గరికి వెళ్లనిచ్చారు. ఆమె మొహం వాపు తగ్గి పల్చబడింది. నేను మంచం పక్కకి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి ఊగుతున్నాను. అమ్మ చెయ్యి చాపింది. నేను నోరు విప్పకుండానే నా మనసులో ఉన్నది ఆమెకి తెలిసిపోయింది.

"ఇటు రాయే. నువ్వు సెప్పినావని లెగిసినాననుకున్నావా? కాదు. మీ తాత ఆ లెక్క సెప్పకముందే, నువ్వు బడికెల్లిన యేళ నాను లెగిసి తిరిగీదాన్ని. బట్టలూ ఉతికినాను. నాకే మంచమ్మీద ఉండబుద్దవక సేసినాను. నీకేటి సంబంధమే?"

నేను ఆమె పొట్ట మీద తల పెట్టి ఏడ్చాను. అక్కడ ఏమీ లేదు. ఆమె నా జుట్టులో వేళ్లు పెట్టి, ఊరుకో, ఊరుకో అంది. ఆ మాటతోనే నేను మళ్లీ తిండి తిన్నాను, నిద్రపోయాను, మిగతా పిల్లలతో ఆడుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల బతకడానికి కావలసిందంతా అందులో ఉంది.

పెద్దయ్యాక చాలామందికి ధైర్యం చెప్పవలసిన సందర్భాలు వచ్చాయి. ఏమీ కాదు, ఇంతేగా అన్న మాట నా నాలిక మీదికి వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. ముందు నువ్వెలా ఉన్నావు, ఎక్కడ నొప్పి, నీకు ఇదివరకు ఎంత ఉండేది అని అడుగుతాను. నా పిల్లలు దీన్ని చాదస్తమంటారు. పరీక్షలో మార్కులొచ్చినా, జ్వరమొచ్చినా, జీతం పెరిగినా, అంకె చెప్పగానే అది ఎవరిది అని అడిగే తల్లితో వేగడం కష్టమే. పోనీ, అననివ్వండి.

అమ్మ డెబ్బై దాటి బతికింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం బఠాణీలు వలుస్తూ కూర్చున్నాం. నా జుట్టు కూడా నెరిసింది అప్పటికి. ఎన్నో ఏళ్లుగా అడగలేనిది ఆవేళ ఎందుకో అడిగేశాను. అమ్మా, ఆ రోజుల్లో మా బడికి వేసవి సెలవులు కదా, నేను ఇంట్లోనే ఉన్నాను కదా అన్నాను. అమ్మ చేతులు ఆగలేదు. నా వంక చూడనూ లేదు. గింజ గిన్నెలో వేసి, అయితే నువ్వు దీదీ ఇంట్లో ఆడుకోడానికెల్లిన యేళ అయ్యుంటాదిలే అంది. నేను ఆ రోజుల్లో ఆమెని వదిలి ఇల్లు దాటలేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. అవునేమోనమ్మా అన్నాను. అమ్మ దయతో ఆడిన ఆ అబద్ధాన్నే నేను ఇప్పటికీ మోస్తున్నాను, అదే నన్నూ మోస్తోంది.